మంచుగెడ్డ గదికి చలి వెయ్యలేదు

మంచుగెడ్డ మన్యంలో ఎత్తు మీదున్న ఊరు. డిసెంబరు వచ్చిందంటే అక్కడ కొబ్బరినూనె సీసాలోంచి బయటికి రాదు, మనుషులు దుప్పట్లోంచి బయటికి రారు. రాక తప్పనిది పైల దమయంతికి. ఆవిడ అక్కడి చాకీ కేంద్రానికి ఇన్‌చార్జి.

చాకీ కేంద్రమంటే పట్టుపురుగులకు బాలవాడి. గుడ్డులోంచి బయటపడ్డ పురుగులకు పది రోజులపాటు లేత మల్బరీ ఆకు తరిగి పెట్టి, రెండు నిద్రలు దాటించి, ఆ తరవాత రైతులకు అప్పజెప్పాలి. ఈ పది రోజులూ గది ఇరవయ్యారు డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. తగ్గితే పురుగు ఆకు ముట్టదు, మరీ పెరిగితే ముట్టిన ఆకు అరగదు. ఆ డిసెంబరులో నలభై తట్టల్లో రెండు లక్షల పురుగులున్నాయి. వాటి కోసం ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు తోటలు కత్తిరించి, చిగుళ్ళు తెప్పించుకుని కూర్చున్నారు. ఈ విడత పోతే మళ్ళీ గుడ్లు వచ్చేది వేసవి దాటాకే. అందుకని దమయంతికి ఆ పది రోజులూ తిండి సయించదు, కంటికి కునుకు రాదు.

ఇదివరకు వెచ్చదనం సంగతి అటెండరు కిల్లో డొంబు చూసుకునేవాడు. గది మూల బొగ్గుల కుంపటి పెట్టి, తట్ట మీద అరచెయ్యి ఆడించి "సాలమ్మా" అనేవాడు. గోడ మీదున్న పాత ధర్మామీటరు చూస్తే సరిగ్గా ఇరవయ్యారు ఉండేది. ఇంత సులువుగా పని జరగడం శాఖకు నచ్చలేదు. గోడకు ఇనప పక్కటెముకల్లాంటి సామాను బిగించారు. దాని పేరు రేడియేటరు. పెరట్లో బాయిలరు, అక్కణ్ణించి పైపుల్లో వేణ్ణీళ్ళు, ఆ నీళ్ళు ఎంత రావాలో చూసుకోడానికి ఒక తెలివైన వాల్వు.

ఆ వాల్వు తెలివి ఏపాటిదంటే, వేడి పైపును కౌగిలించుకుని కూర్చుని, తనకు వెచ్చగా ఉంది గనక లోకమంతా వెచ్చగానే ఉందనుకుని నీళ్ళు కట్టేసేది. ఇలాంటి పెద్దమనుషుల్ని దమయంతి సర్వీసులో చాలామందిని చూసింది కాబట్టి ఆశ్చర్యపోలేదు. పైవాళ్ళకు రాసింది. పైవాళ్ళు, చెప్పుకోవాలి, మంచి పనే చేశారు. విడిగా ఒక సెన్సారు పంపారు. అగ్గిపెట్టెంత తెల్ల పెట్టె. దాన్ని తట్టల మధ్య పెడితే, అక్కడి వేడి చూసి ఫోను టవరు మీదుగా వాల్వుకు కబురు పంపుతుంది. వాల్వు ఆ కబురు విని నీళ్ళు వదలాలి, కట్టాలి.

పెట్టె పెట్టిన రోజే గది కుదురుకుంది. డొంబు తట్ట మీద చెయ్యి ఆడించి, పెట్టెకేసి చూసి, "ఇది నాకంటే బుద్ధిమంతురాలమ్మా" అన్నాడు. అసూయ లేని మనిషి.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కాని పెట్టె వెనకాలే సర్క్యులరు వచ్చింది. "సెన్సారును రేడియేటరునకు దూరముగా ఉంచవలెను. దూరము పెరిగిన కొలది ఖచ్చితత్వము పెరుగును" అని అందులో ఉంది. దమయంతి పెట్టెను ఎలాగూ రేడియేటరుకు ఎదర గోడ దగ్గరున్న తట్టల మధ్యే పెట్టింది కనక, చదివి ఫైల్లో పెట్టేసింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. సర్క్యులరును అర్థం చేసుకుని ఊరుకోకూడదు, అమలు చెయ్యాలి.

పురుగులు పుట్టిన రెండో రోజున జిల్లా ఉష్ణోగ్రతా సమన్వయాధికారి నాగులాపల్లి ధనుంజయరావు జీపు దిగాడు. తల మీద కోతిటోపీ, ఒంటి మీద రెండు స్వెట్టర్లు, చేతిలో కొలతల టేపు. పురుగుల వైపు చూడలేదు. డ్రైవరును పిలిచి టేపు ఒక కొస రేడియేటరు దగ్గర పట్టించాడు.

"ఎంత?"

"తొమ్మిదడుగుల రెండంగుళాలండి."

"తొమ్మిదా!" ధనుంజయరావు మొహం, పెళ్ళిలో చారు అయిపోయిందని విన్నవాడి మొహంలా అయిపోయింది. "అమ్మా, కోడిపిల్లల కేంద్రం వారు నలభై అడుగులు సాధించారు. విత్తనపు బంగాళాదుంపల గోదాము వారి సెన్సారు నిన్న రోడ్డు దాటింది. మీరు చూస్తే ఇంకా గదిలోనే ఉన్నారు."

"రోడ్డు దాటేస్తే గదిలో వేడి దానికెలా తెలుస్తాదండి?" అంది దమయంతి.

"మీరు స్థానిక దృక్పథంతో ఆలోచిస్తున్నారు. సెన్సారు మీద రేడియేటరు ప్రభావం పడరాదన్నది మూలసూత్రం. దగ్గరున్నవాడు నిష్పక్షపాతంగా చెప్పలేడు. న్యాయమూర్తి ఎక్కడైనా ముద్దాయి పక్కన కూర్చుంటాడా?"

ఈ ఉపమానానికి డ్రైవరు తల ఊపాడు. ధనుంజయరావు స్వయంగా పెట్టెను తీసుకెళ్ళి వరండా చివరి స్తంభానికి కట్టించాడు. మూల కనబడ్డ కుంపటిని సమాంతర ఉష్ణ వనరుగా నిర్ధారించి జీపులో వేయించుకున్నాడు. మళ్ళీ కొలిపించాడు. డెబ్భై ఒక్క అడుగు. "ఇప్పుడు మీ ఆఫీసు పురోగమిస్తోంది" అని ఆశీర్వదించి కొండ దిగిపోయాడు.

వరండాలో పదకొండు డిగ్రీలు. పెట్టె చలికి వణికి "చచ్చిపోతున్నాం, వేడి పంపండి" అని వాల్వుకు కబుర్లమీద కబుర్లు పెట్టింది. వాల్వు బార్లా తెరుచుకుంది. గంట తిరక్కుండా గదిలో ముప్ఫై తొమ్మిది. పురుగులు ఆకు వదిలేసి తట్టల అంచులకు పాకాయి. దమయంతి, డొంబు చేటలు పుచ్చుకుని విసిరారు, నేల మీద నీళ్ళు చల్లారు, చివరికి దమయంతి వెళ్ళి పెట్టెను ఊడదీసి తెచ్చి తట్టల మధ్య పెట్టేసింది.

పది నిమిషాల్లో ఫోను మోగింది.

"మీ చుక్క కదిలింది" అంది ధనుంజయరావు గొంతు.

"ఏ చుక్కండి?"

"ప్రతి సెన్సారూ మా మ్యాపు మీద ఒక చుక్క. మీ చుక్క అరవై అడుగులకు పైగా వెనక్కి వచ్చింది. జిల్లా సగటు పడిపోయింది. ఇది క్రమశిక్షణా పరమైన చుక్క, అమ్మా."

"సార్, పురుగులు మాడిపోతన్నాయండి!"

"మాడితే అది పశుసంపదకు సంబంధించిన విషయం. మనది ఉష్ణోగ్రత."

పెట్టె వరండాకు పోయింది. బాయిలరును ఆపుతూ, వెలిగిస్తూ ఆ పూటకు గండం గడిపారు గాని, తట్టలు ఎత్తి చూస్తే పదో వంతు పురుగులు పోయాయి. ఆకు తెచ్చిన వంతల సుక్రి, ఆ ఇరవై రెండు ఇళ్ళకూ పెద్ద దిక్కులాంటి మనిషి, తట్టల్లోకి తొంగి చూసి, తెచ్చిన ఆకులో పదో వంతు మళ్ళీ గోనెలోకి ఎత్తుకుంది. నాలుగు తిట్టినా బావుణ్ణని దమయంతికి అనిపించింది.

మర్నాడు దూరాల పట్టిక వెలువడింది. రాత్రికి రాత్రే మిగతావాళ్ళంతా వందడుగులు దాటించేశారు గనక మంచుగెడ్డది ఆఖరి స్థానం. మొదటి స్థానంలో ఉన్న బంగాళాదుంపల గోదాము సెన్సారు బస్టాండు క్యాంటీనులో ఉంది. రెండో స్థానం వాళ్ళు ఓర్వలేక, అది రెండుసార్లు కాఫీ గిన్నెల పక్కన కనబడిందని ఆకాశరామన్న ఉత్తరం రాశారు. పోటీ ఇలా వ్యక్తిగత ద్వేషాలకు దిగడం చూసి ధనుంజయరావు మనసు కలుక్కుమంది. అన్ని కేంద్రాల సెన్సార్లనూ జిల్లా కేంద్రానికి రప్పించి, తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి, ఒక్కో దాని కింద ఊరు పేరు అంటించాడు. మంచుగెడ్డ నుంచి నూటపన్నెండు కిలోమీటర్లు. ఇంతకంటే నిష్పక్షపాతం ఇంకెక్కడుంటుంది?

జిల్లా కేంద్రం సముద్రం ఒడ్డున ఉంది. డిసెంబరులో కూడా మధ్యాహ్నం ముప్ఫై డిగ్రీలు. బీరువాలో మంచుగెడ్డ పెట్టె హాయిగా చలి కాచుకుంటూ "ఇక్కడ బాగానే ఉంది, ఏమీ పంపక్కర్లేదు" అని వాల్వుకు చెప్పేసింది. కొండ మీద రేడియేటరు చల్లబడి ఇనప కటకటాల్లా నిలబడింది. గదిలో పన్నెండు డిగ్రీలు. పురుగులు ఆకు కింద ముడుచుకుపోయాయి.

డొంబు మూడిటుకలు పేర్చి బొగ్గులు రాజేశాడు. గదిలో పొగను పసిగట్టే పెట్టె ఇంకోటి కూడా బిగించి వెళ్ళారు. దాన్ని మాత్రం గదిలోనే పెట్టారు. అది కుయ్యోమొర్రోమని అరిచి నలభై కిలోమీటర్ల అవతల ఉన్న ఫైరింజను వాళ్ళకు కబురు పెట్టింది. ఘాటు రోడ్డెక్కి ఫైరింజను వచ్చేసరికి బొగ్గులు బూడిదయ్యాయి. అంత దూరం వచ్చి ఊరికే పోతే బాగుండదని వాళ్ళు బూడిద మీద నీళ్ళు కొట్టారు. దాంతో రెండు తట్టలు కొట్టుకుపోయాయి. తరవాత టీ తాగి వెళ్ళారు.

దమయంతి దుప్పటి కప్పుకుని ఫోను తీసింది. కొంతసేపు ఆలోచించి, అడగవలసినది ఒక్కటే అని తేల్చుకుంది.

"సార్, మీ గదిలో కొంచెం ఏసీ వెయ్యండి."

"వేసే ఉంది. ఇంకా పెంచితే నాకు సైనసు."

"మీ కోసం కాదండి, మా పురుగులకు చలేస్తంది. మీరు ఏసీ పదహారులో పెడితే బీరువాలో పెట్టెకు చలేస్తాది. దానికి చలేస్తే ఇక్కడ వాల్వు తెరుచుకుంటాది."

అవతల కాగితాల చప్పుడు. "కోడిపిల్లల వారు కూడా ఏసీ పెంచమంటున్నారు. బంగాళాదుంపల వారు తీసెయ్యమంటున్నారు, వేడికి దుంపలు మొలకలెత్తేస్తున్నాయట. ఒక గదిలో ఇన్ని గదుల్ని సంతృప్తిపరచడం పరిపాలనలో క్లిష్టమైన ఘట్టం. కాబట్టి మధ్యేమార్గంగా ఏసీని సరిగ్గా ఇరవయ్యారులో స్థిరపరిచాను. ఈ ఉదయం నుంచి జిల్లాలో ప్రతి గదీ ఇరవయ్యారు డిగ్రీలే. రాష్ట్రంలో ఇలాంటి ఏకరూపత ఇంతవరకు లేదు."

"ఇక్కడ పన్నెండుందండి!"

"ఏ సెన్సారు చెప్పింది?"

"గోడ మీద పాత ధర్మామీటరు."

"అది జాబితాలో లేదు."

"పోనీ, నేను చెప్తన్నానండి. నాకు పళ్ళు కొట్టుకుంటన్నాయి."

"అమ్మా," ధనుంజయరావు గొంతులో ఓర్పు పొంగింది, "చలి మీకు వేసింది. గదికి కాదు. మెమో నూట నలభై చూడండి. గది ఉష్ణోగ్రత అనగా సదరు గది సెన్సారు నమోదు చేసినది మాత్రమే."

ఫోను పెట్టేశాక దమయంతికి ముందు ఏడుపొచ్చింది. ఆ తరవాత కోపం వచ్చింది. కోపం వచ్చాక మెమో నూట నలభై తీసి చదివింది. దాని కిందనే ఇంకో పేరా ఉంది. "పురుగులను నిర్ణీత ఉష్ణోగ్రత గల గదియందే ఉంచవలెను. ఉల్లంఘించినచో ఇన్‌చార్జిదే బాధ్యత." ఆవిడ రెండు పేరాలనూ పక్కపక్కన పెట్టుకుని, లెక్క చేసే పిల్లలా వేలితో చూపించుకుంటూ మళ్ళీ చదివింది.

"డొంబూ, మన గది ఎక్కడుంది?"

"ఇదేగదమ్మా."

"కాదు. జిల్లా కేంద్రంలో ఉంది. ఇరవయ్యారు డిగ్రీలట. మనమే పొరపాటున ఇక్కడుండిపోయాం. తట్టలు కట్టు."

తడిపిన గుడ్డలు కప్పి, పైన దుప్పట్లు చుట్టి, ముప్ఫై ఎనిమిది తట్టలు ఆకుల వ్యానులోకి ఎక్కించారు. ఘాటు రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా డొంబు "మెల్లగ బాబూ, పసివోళ్ళున్నారు" అంటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి జిల్లా కార్యాలయం మూడో అంతస్తు చేరారు.

ధనుంజయరావు సమీక్షా సమావేశంలో ఉన్నాడు. తలుపు తీసుకుని తట్టలు ఒకదాని వెనక ఒకటి రావడం చూసి, మొదట స్వీట్లనుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది?"

"మంచుగెడ్డ గదికి మంచుగెడ్డ పురుగుల్ని తెచ్చానండి" అంటూ దమయంతి మెమో ఆయన ముందు పెట్టింది.

ఆయన చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఎక్కడా పట్టు దొరకలేదు. మెమో ఆయన సొంతం. రాసినప్పుడు తప్పులేమీ లేకుండా చూసుకోవడం ఆయన అలవాటు. కాదంటే మంచుగెడ్డ గది మంచుగెడ్డలో ఉన్నట్టు ఒప్పుకోవాలి. అప్పుడు పన్నెండు డిగ్రీలను కూడా ఒప్పుకోవాలి. రాష్ట్రంలో ఎక్కడా లేని ఏకరూపత కూలిపోతుంది.

"ఇక్కడ ఉంచడం," అన్నాడు చివరికి, "సూత్రరీత్యా అభ్యంతరకరం కాదు."

తట్టలు సమావేశపు బల్ల మీద పదహారు, ఫైళ్ళ ర్యాకుల్లో పద్ధెనిమిది, సోఫా మీద నాలుగు సర్దారు. డొంబు గుమ్మం దగ్గర బ్లీచింగు నీళ్ళ పళ్ళెం పెట్టి, లోపలికి వచ్చే ప్రతివాణ్ణీ చెప్పులు విప్పి అందులో కాళ్ళు ముంచమన్నాడు. ధనుంజయరావును కూడా వదల్లేదు.

"నా గదిలోకి నేను..."

"సేతులు కూడా బాబూ. మొకం పౌడరు తుడుసుకోండి. వోసన పడదు ఈటికి."

ధనుంజయరావు రోజూ వెలిగించే అగరొత్తులు బయటికి పోయాయి. ఆయన అత్తరు పోయింది. జర్దా కిళ్ళీ వేసుకునే సూపర్నెంటుకు మూడో అంతస్తు ప్రవేశం నిషేధించారు. నలుగురి ఫోన్లు మోగడం ఆగిపోయేసరికి ఆ గదిలో ఒక కొత్త చప్పుడు వినబడింది. చిన్న చినుకులు ఆకుల మీద పడుతున్నట్టుంది. పురుగులు తింటున్నాయి. దమయంతి తలుపుకు ఆనుకుని నిలబడి ఆ చప్పుడు వింది. మూడు రోజుల తరవాత అప్పుడు ఆకలేసి, డొంబును పంపి రెండు ప్లేట్ల ఇడ్లీ తెప్పించుకుంది.

ఆకు మాత్రం మంచుగెడ్డదే కావాలి. సుక్రి తెల్లారగట్ల కోయించి, తడి గోనెల్లో కట్టి, మొదటి బస్సు మీద వేయించేది. రోజూ ఆరు గోనెలు. కండక్టరు మొదటి రోజు గొణిగాడు, రెండో రోజునుంచి వాటికో సీటు కేటాయించాడు.

ఎనిమిదో రోజున పురుగులు తల పైకెత్తి కదలకుండా ఉండిపోయాయి. ధనుంజయరావు చూసి కంగారుపడ్డాడు. "ఏమయ్యా, పోయాయా?"

"రెండో నిద్దర బాబూ. సప్పుడు సేస్తే సెడిపోతాయి. ఊరుకోండి."

"ఎన్నాళ్ళు?"

"ఒకరోజు. మహా అయితే రోజున్నర."

అధికారి గుసగుసగా స్టెనోను పిలిచి సమావేశాలు రద్దు చేయించాడు. టైపు కొట్టడం ఆపించాడు. మూడో అంతస్తులో అందరూ మునివేళ్ళ మీద నడిచారు. ఆ రోజున్నరలో జిల్లాలో ఒక్క కొత్త సర్క్యులరూ వెలువడలేదు. జనం దీన్ని గమనించి, ప్రభుత్వం బాగా పనిచేస్తోందని చెప్పుకున్నారు.

నిద్ర లేచిన పురుగులు పాత చర్మం వదిలి, తెల్లగా, చురుగ్గా ఆకు మీద పడ్డాయి. దమయంతి తట్టకు తట్ట చూసుకుంటూ వెళ్ళింది. ఒక్కటీ జబ్బుది లేదు. అప్పుడామె కుర్చీలో కూలబడి, కొంగుతో మొహం కప్పుకుని నవ్విందో ఏడ్చిందో డొంబుకు తెలియలేదు. తెలుసుకోవలసిన అవసరం కూడా అతనికి కనపడలేదు.

పదో రోజున ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ బుట్టలు పట్టుకుని మంచుగెడ్డ నుంచి బస్సులో దిగారు. గుమ్మం దగ్గర పళ్ళెం చూసి, చెప్పకుండానే కాళ్ళు ముంచి లోపలికి వచ్చారు. ధనుంజయరావు మైకు తెప్పించాడు. గది చిన్నదైనా మైకు లేకుండా మాట్లాడితే అది ప్రసంగం కాదని ఆయన నమ్మకం.

"రైతు సోదరులారా! మంచుగెడ్డ గది ఈ వారంలో ఒక్క పాయింటు తేడా లేకుండా ఇరవయ్యారు డిగ్రీలు నమోదు చేసింది. ఫలితం మీ కళ్ళముందు తట్టల్లో ఉంది. దీనికంతటికీ కారణం దూరం! రేడియేటరుకు, సెన్సారుకు మధ్య నూటపన్నెండు కిలోమీటర్ల దూరం! వచ్చే విడతకు మనం ఇంతటితో సంతృప్తి చెందరాదు. సెన్సార్లను రాజధానికి తరలించే ప్రతిపాదన నిన్ననే పంపాను. నాలుగువందల కిలోమీటర్లు!"

స్టెనో చప్పట్లు కొట్టాడు. పురుగులు ఆకు తింటూనే ఉన్నాయి.

సుక్రి తన బుట్టలోకి పురుగుల్ని ఆకుతో సహా ఎత్తుకుంటోంది. పని ఆపకుండానే దమయంతిని అడిగింది. "ఏటమ్మా, బాబు ఏటంతన్నారు? వొచ్చే పంటకి పురుగులెక్కడుంటాయట?"

"సెన్సారు ఎక్కడుంటే అక్కడ" అంది దమయంతి. ఆవిడకు మొహం చెల్లలేదు. ఈ దారి తెరిచింది తనే.

"రాజధానిలోనా?"

"అవును సుక్రీ."

సుక్రి బుట్ట మీద తడిగుడ్డ కప్పి, చుట్టకుదురు సరిచేసుకుని, బుట్ట నెత్తికెత్తుకుంది. నేరుగా ధనుంజయరావు ముందుకు వచ్చి నిలబడింది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"బాబూ, పురుగులేమో వేనెక్కాయి. ఆకేమో రోజూ బస్సెక్కింది. మేం ఇయ్యాల బస్సెక్కినాం. అంత దూరవైతే ఆకు దార్లోనే వొడిలిపోతాది. ఇంక మిగిలింది మా తోటలే. ఆటినీ బస్సెక్కించేస్తే పనైపోద్ది గదా?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వడానికి సిద్ధపడి అధికారి మొహం చూశారు. ధనుంజయరావు నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, మెమో ప్యాడు దగ్గరకు లాక్కున్నాడు.

"ఎన్నెకరాలు?" అన్నాడు.